ఆఖరి సీను దగ్గర ఎత్తిన చెయ్యి

మీరు మాట్లాడుతుండగా మధ్యలో ఆపి, ఎందుకు అని అడిగే మనిషి మీ ఇంట్లో ఉన్నారా? తలూపేవాళ్ళ గురించి కాదు నేను అడిగేది. తలూపేవాళ్ళు ఎవరికైనా దొరుకుతారు. నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే చెప్పి, మీ దగ్గర నుంచి జవాబు వచ్చేదాకా కదలకుండా కూర్చునే మనిషి ఉన్నారా?

నాకు ఉండేవాడు. భర్త అంటే భరించేవాడని, ఏలేవాడని అర్థాలు చెబుతారు గనుక ఆ మాట మా ఇద్దరికీ నచ్చేది కాదు. సహచరుడు అంటాను. చిల్పూర్ బడిలో సైన్సు పాఠాలు చెప్పేవాడు. జనగామ నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. అక్కడి గుట్ట మీది గుడి పూజారికి, ఆయనకు మంచి స్నేహం. "సారూ, దేవుడు లేడంటవు, జాతర సెలవు మాత్రం తీసుకుంటవు" అని ఆ పూజారి ఎగతాళి చేస్తే, "సెలవిచ్చేది సర్కారు అయ్యగారూ, మీ దేవునికి సంతకం చెయ్యరాదు" అని ఈయన నవ్వేవాడు. ఇంట్లో ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకునేవాళ్ళం. పెళ్ళైన కొత్తలో మా అత్తకు అదే పెద్ద పరేషాన్.

జనగామలో మాకొక చర్చా సంఘం ఉంది. ఆదివారాలు ఒక బడి గదిలో కూర్చుంటాం. టీచర్లు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు వకీళ్ళు, భూపాలపల్లి గనుల్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి, తొర్రూరు నుంచి బస్సెక్కి వచ్చే ఒక హెడ్‌మిస్ట్రెస్. ఈ సంఘానికి ఉన్న నియమం ఒక్కటే, దాన్ని తెచ్చింది మా ఆయనే. మాట్లాడే మనిషి ఎంత పెద్దవాడైనా, వినేవాళ్ళలో ఒక్క చెయ్యి లేస్తే ఆ వాక్యం దగ్గరే ఆగాలి. జవాబు చెప్పాకే ముందుకు పోవాలి. జవాబు లేకపోతే "ప్రశ్న నిలబడ్డది" అని ఒప్పుకొని కూర్చోవాలి. జవాబు దొరికిన రోజు ఆ వాక్యం నుంచే మళ్ళీ మొదలుపెట్టాలి.

చిన్నప్పుడు ఆయన ఊళ్ళో పురాణం చెప్పే ఆయన ఎదుట ఒక ప్రశ్న అడిగి చెంపదెబ్బ తిన్నాడట. ఆ దెబ్బకు జవాబుగా పుట్టిన నియమం ఇది. అడిగినవాణ్ణి కొట్టే చోటు గుడి అయినా, కాలేజీ అయినా, పార్టీ ఆఫీసు అయినా ఒకటేనని ఆయన వాదన. నాదీ అదే.

నేను వ్యాసాలు రాస్తాను. బాబాల మీద, తాయెత్తుల మీద, ముహూర్తాల మీద, ఆడపిల్లల మీద రుద్దే మడి మీద ఏళ్ళ తరబడి రాశాను. ఏ వ్యాసమైనా ముందు ఆయనకు చదివి వినిపించేదాన్ని. కిటికీ పక్కన ప్లాస్టిక్ వైర్లు అల్లిన కుర్చీ ఒకటుండేది, ఆయన అందులో కూర్చునేవాడు. ఒక పేరా చదవడం, తల ఎత్తడం. చెయ్యి లేచిందా లేదా చూడటం. లేవకపోతే తర్వాతి పేరా. నా వ్యాసాల్లో పదును ఉందని మీరెవరైనా ఎప్పుడైనా అనుకొని ఉంటే, అది సగం ఆ చేతి పదును.

ఒకసారి రేగొండలో పొద్దున, భూపాలపల్లిలో మధ్యాహ్నం కార్యక్రమాలు పెట్టుకున్నాం. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడుతుందని, అది రక్తం కాదని, నిమ్మకాయలో ఏ దయ్యమూ ఉండదని చూపించే కార్యక్రమాలు. అయిపోయాక హనుమకొండ బస్సు కోసం భూపాలపల్లి బస్టాండులో కూర్చున్నాం. ఎదురుగా సిమెంటు బెంచీ మీద ఒక ఆడమనిషి, ఒళ్ళో బట్టసంచి. గనిలో షిఫ్టు దిగినవాళ్ళతో ఒక బస్సు వచ్చి ఆగింది. దిగే ప్రతి మనిషినీ ఆమె చూసింది. చివరి మనిషి దిగి, డ్రైవరు కూడా దిగిపోయాక, లేచి చీర వెనక దులుపుకొని, సంచి చంకలో పెట్టుకొని వెళ్ళిపోయింది.

చాయ్ పోసే అతను మా చూపు చూసి చెప్పాడు.

"రోజు వస్తదక్కా. ఆమె మొగడు బొగ్గు బాయిల పోయిండు. ఏడాది దాటింది."

"ఆమెకు చెప్పలేదా ఎవలు?" అన్నాడు మా ఆయన.

"చెప్పుడేంది సారూ. శవాన్ని ఇంటికి తీస్కపోయిందే ఆమె. ఆమె ముంగటనే కాష్టం కాలింది."

"మరెందుకొస్తది?"

"గది ఆమెనే అడుగు. నేను చాయ్ పోసెటోన్ని."

ఆయన నిజంగానే అడగడానికి లేచాడు. నేను చొక్కా పట్టి కూర్చోబెట్టాను. జనగామ చేరేదాకా అదే గొడవ. "ఎవలన్న పక్కన కూసొని మంచిగ చెప్తె అర్థమైతది" అంటాడు ఆయన. "ఏం చెప్తవ్? ఆమెకు తెల్వనిది ఏమన్న ఉన్నదా?" అంటాను నేను. బస్సులో ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఎవలక్కా ఆమె, మీ సుట్టమా?" అని అడిగాడు.

దాని మీద వ్యాసం రాయాలని కూర్చున్నాను. రాలేదు. వ్యాసానికి ఒక దోషి కావాలి. ఎవరిని నిలదీయాలి? గనినా? నిలదీయవచ్చు, రాయవలసిందే, రాశాను కూడా. కానీ నేను బస్టాండులో చూసింది అది కాదు. ఒక చూపు చూశాను. చూపును వాక్యంలో పెడితే వాదన అయిపోతోంది. అందుకని సినిమాగా రాశాను. సినిమా రాయడం నాకు తెలియదు, నేర్చుకున్నాను. ఇంగ్లీషు పుస్తకం ఒకటి ముందు పెట్టుకొని, సీను నంబరు వేయడం, లోపలా బయటా, పగలా సాయంత్రమా అని పైన రాయడం, మనసులో ఏమనుకుందో రాయకుండా ఏం చేసిందో మాత్రమే రాయడం నేర్చుకున్నాను. ఆ చివరిది అన్నిటికన్నా కష్టమైంది. ముప్పై పేరాల్లో వాదించడం అలవాటైన చేతికి, "ఆమె లేచింది" అని రాసి ఊరుకోవడం రాదు.

స్క్రిప్టులో ఆమెకొక పేరు పెట్టాను, ఊరు పెట్టాను. పత్తి చేలో కూలి పని, మాట పడని నోరు, పాటలు పాడే మొగుడు. మొగుడు గనిలో పోతే, పదిమంది ఆడవాళ్ళు చుట్టూ చేరి గాజులు పగలగొట్టబోతారు, ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంటుంది. ఆ సీను చదివినప్పుడు మా ఆయన చెయ్యి ఎత్తలేదు, ఆ చేత్తోనే కుర్చీ చెయ్యి మీద చరిచాడు. చివరి సీను బస్టాండు. సగం చదివాను. బస్సు వచ్చింది, అందరూ దిగారు, ఆమె లేచి చీర దులుపుకుంది. తల ఎత్తి చూస్తే చెయ్యి లేచి ఉంది.

"ఆమెకు తెలుసు గద, ఆయన రాడని."

"తెలుసు."

"శవాన్ని జూసింది. కాష్టం జూసింది."

"చూసింది."

"మరి తెలిసి తెలిసి ఎందుకు పోతది? నమ్మకం గాకుంటె అది ఇంకేంది?"

"నమ్మకం కాదు."

"కాకుంటె ఏందో చెప్పు."

నాకు తెలుసు అది నమ్మకం కాదని. ఏమిటో మాత్రం తెలియదు.

"ప్రశ్న నిలబడ్డదా?"

"నిలబడ్డది."

"ఇగ లే, తిందాం. జవాబు దొరికినంక మిగిలింది చదువుదువు గాని." ఆ పూట వంట వంతు ఆయనది. వంటింట్లోకి పోతూ తిరిగి, "గాజుల సీను మాత్రం జబర్దస్త్ ఉన్నది" అన్నాడు.

మిగిలింది అర పేజీ. అది ఆయన వినలేదు.

ఆ తర్వాత స్క్రిప్టు పట్టుకొని హైదరాబాద్ తిరిగాను. ఒక ఆఫీసులో ఒక దర్శకుడు ఓపికగా అంతా విన్నాడు. "బాగుందండి మేడం. లాస్ట్‌లో మాత్రం ఆయన బస్సు దిగాలి. చనిపోయింది వేరేవాడని చూపిద్దాం. జనం లేచి నిలబడతారు" అన్నాడు. ఇంకొక ఆయన, "ఈ యాస హీరోయిన్‌కి వద్దండి, పక్కన కామెడీకి పెట్టుకుందాం" అన్నాడు. ఆయన ఇప్పించిన టీ తాగి, నా కాగితాలు నేను తీసుకొని వచ్చాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "చచ్చినోన్ని బస్సు దింపుతరా? మన బాబాలే నయం గద, బూడిదతోని సరిపెట్టుకుంటరు. నా ప్రశ్న అంతకన్న మంచిగున్నదా లేదా?"

ఉందని ఒప్పుకున్నాను.

స్క్రిప్టు బీరువాలోకి పోయింది. ప్రశ్న మాత్రం ఇంట్లోనే తిరుగుతూ ఉండేది. పొద్దున చిల్పూర్ పోవడానికి చెప్పులు వేసుకుంటూ, "దొరికిందా?" అనేవాడు. "దొరకలే." "సరే, సాయంత్రం దాకా టైమున్నది." సాయంత్రం బస్సు దిగి వచ్చి గడపలో మళ్ళీ, "దొరికిందా?" మా ఇంటికి వచ్చిన చుట్టాలు మేమేదో వస్తువు పోగొట్టుకున్నామని అనుకునేవాళ్ళు. రిటైరైన తర్వాత కూడా మానలేదు. కూరగాయలకు పోయి వచ్చినా అదే మాట.

ఆయన పోయాడు. దవాఖానకు తీసుకుపోయే దారిలోనే ప్రాణం పోయింది. బతికుండగా చెప్పినట్టే ఆయన శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చాం. మంత్రాలు లేవు, మంట లేదు. ఇంటికి వచ్చినవాళ్ళకు చాయ్ ఇచ్చాం, ఆయన గురించి ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడారు. ఒకరిద్దరు చెయ్యెత్తి, అలా కాదు ఇలా జరిగిందని సరిదిద్దారు. ఆయనకు నచ్చి ఉండేది.

నచ్చనిది మా ఆడబిడ్డకు. మా దిక్కు చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి చూస్తారు. కాకి ముడితే పోయినవాడు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు.

"తినాలని మనసుల ఏమున్నదో ఏమో. జరంత బువ్వ పిట్టకు పెడితే నీదేం పోతది వదినా?" అంది ఆమె.

"నాదేం పోదు. ఆయనది పోతది. బతుకంత వద్దన్నడు."

"నువ్వు రాయివి" అని ఏడ్చింది.

నేను మెత్తబడలేదు. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. కాకి ఆకలికి కాకి తింటుంది. కానీ ఒక సంగతి రాయకపోతే అబద్ధం రాసినట్టే అవుతుంది. పిట్టకు పెట్టే రోజు మా ఆడబిడ్డ ఎవరికీ చెప్పకుండా పక్కింటి డాబా మీద ఒక విస్తరి పెట్టి నిలబడింది. మా పెరట్లో నుంచి నాకు ఆమె కనిపిస్తూనే ఉంది. ఆమెకు చూడటానికి ఒక కాకి ఉంది. ఎటు చూడాలో ఆమెకు తెలుసు. నాకు తెలియలేదు.

దేవుణ్ణి నమ్మని మనవాళ్ళు ఈ సంగతి బయటికి చెప్పరు. మనం స్వర్గాన్ని తీసేశాం, ఆత్మను తీసేశాం, మళ్ళీ కలుసుకోవడాన్ని తీసేశాం. తీసేయవలసిందే. అబద్ధాలవి. కానీ తీసేసిన చోట ఖాళీ లేదని నటించడం కూడా అబద్ధమే. దేవుణ్ణి నమ్మేవాడికి చావు అంటే ఎడబాటు. నాలాంటిదానికి అంతకన్నా ఎక్కువ. ఆయన ఎక్కడా లేడు. ఎక్కడో ఉండి నన్ను చూడటం లేదు. ఈ వాక్యం ఆయన చదవడు.

అయినా ఒక పేరా రాసి పైకి చదువుకొని, తల ఎత్తుతాను. కుర్చీ అక్కడే ఉంది. ప్రతి పేరాకూ ఎత్తుతాను.

పోయిన చలికాలం మహబూబాబాద్ నుంచి ఫోను వచ్చింది. అక్కడి జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే ఒక అమ్మాయి. సినిమాగా రాని స్క్రిప్టులను నలుగురిలో చదివించే ఒక చిన్న బృందం నడుపుతోంది. నటించడం ఏమీ ఉండదు. కుర్చీలు వేసుకొని, తలా ఒక పాత్ర పంచుకొని, కాగితాలు చూసి చదువుతారు. మా తొర్రూరు హెడ్‌మిస్ట్రెస్ దగ్గర నా స్క్రిప్టు జిరాక్సు ఒకటి ఉందట, అది ఆమె చేతికి చేరింది.

"చదువుకోవచ్చా మేడం?" అంది.

"చదవండి. ఒక్కటే అడుగుత. ఆఖరి సీను ఇప్పటిదాక ఎవల నోట పూర్తిగ వినలే నేను. మధ్యల ఆగకుంట ఒక్కసారి వినాలె."

"ఎవరాపుతరు మేడం?"

"మా సంఘపోళ్ళు వస్తరు."

మా వాళ్ళ సంగతి మహబూబాబాద్ దాకా తెలుసు. "నేను ముందే చెప్పేస్త" అంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, లైబ్రరీ పైఅంతస్తులో. ఐదింటికి ఖాళీ చేయాలి. కింద ఖాళీ స్థలంలో ఎవరి అమ్మాయిదో చీరె కట్టుడు ఫంక్షన్ ఉంది, టెంటు వేస్తున్నారు. పిల్ల పెద్దమనిషి అయిందని ఊరంతా మైకు పెట్టి చెప్పుకునే ఆ వేడుక మీద నేను ఎన్నిసార్లు రాశానో. మావాళ్ళలో ఇద్దరు కిందికి పోయి మాట్లాడి వస్తామని లేచారు. "ముందు మన స్క్రిప్టు అయిపోనీయుండ్రి" అని కూర్చోబెట్టాను.

స్క్రిప్టులో బస్టాండు ఆమె పాత్ర చదివేది తొర్రూరు హెడ్‌మిస్ట్రెస్. పాటలు పాడే మొగుడి పాత్ర మహబూబాబాద్ బజారులో బట్టలు కుట్టే ఒక ముస్లిం అన్నది. ఇంట్లో దక్ఖనీ, దుకాణంలో తెలుగు మాట్లాడే మనిషి, గొంతు బాగుంటుంది. సీను పైన ఉండే వివరాలు చదవడం కూడా ఆయనకే అప్పగించారు. ఒక సీను అయిపోయి ఇంకొకటి మొదలయ్యే చోట "కట్" అని రాసి ఉంటుంది. ఆయన అది కూడా గంభీరంగా చదివాడు.

"అప్పుడే కట్ చేసినవా మాస్టర్? కొలతలు తీసుకోవా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"నేను సరిగనే కట్ చేస్తున్న. మీరు నడుమ చేతులు లేపితె చొక్కా పొట్టిగైతది" అన్నాడు ఆయన.

చేతులు లేచాయి. మొదటి సీన్లోనే లేచాయి. ఇల్లు వర్ణించే చోట గోడకు దేవుడి పటం ఉందని రాశాను.

"పటం అవసరమా?" అని ఒక చెయ్యి.

"ఆమె ఇంట్ల ఉంటది గద" అన్నాను.

"ఉంటె చూపియ్యాల్నా?"

టైలర్ అన్న కాగితం దించి, "ఇప్పుడు నేనేం చెయ్యాలె భాయ్, పటం పీకెయ్యాల్నా? గోడకు బొక్క పడతది" అన్నాడు. హాలంతా నవ్వు.

అలా నడిచింది. ఆమె నుదుట బొట్టు దగ్గర ఒక చర్చ. మొగుడు పాడే పాటలో రాముడు వచ్చాడని ఇంకొకటి. గాజుల సీను దగ్గర మాత్రం చప్పట్లు కొట్టారు, కొట్టి మళ్ళీ చెయ్యెత్తి, చప్పట్లు కొట్టడం సరైనదేనా అని అడిగారు. మహబూబాబాద్ వాళ్ళు మొదట బిత్తరపోయారు, తర్వాత వాళ్ళే చేతులెత్తడం మొదలుపెట్టారు. నాకు విసుగు రాలేదు. ఈ మనుషులకు ఈ జబ్బు అంటించింది ఎవరో నాకు తెలుసు. ప్రతి చేతిలోనూ ఒక చెయ్యి కనిపిస్తోంది.

కింద మైకు టెస్టింగ్ మొదలయ్యేసరికి ఒక్క సీను మిగిలింది. నిర్వహించే అమ్మాయి లేచి, "ఇది మేడం ఎన్నడు పూర్తిగ వినలేదట. ఈ ఒక్కదానికి చేతులు లేపకుండ్రి" అని చెప్పింది. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలాయన, లైబ్రరీకి రోజూ పేపరుకు వచ్చే మనిషట, మా ఆయన సంగతి విన్నట్టున్నాడు, నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"సారు ఆత్మ ఈడ్నే ఉండి ఇంటది బిడ్డా."

మావాళ్ళందరి తలలూ ఒక్కసారి తిరిగాయి. ఆయనది మంచి మనసు. అయినా ఊరుకోలేను.

"లేదు బాపూ. ఆయన మెడికల్ కాలేజీకి పోయిండు. పిల్లలు ఆయనను చూసి చదువుకున్నరు. ఇంకెక్కడ లేడు."

ముసలాయన బాధపడలేదు. "మంచిదే గద అది గూడ" అన్నాడు.

టైలర్ అన్న చదివాడు. "బయట. భూపాలపల్లి బస్టాండు. సాయంత్రం. ఆమె సిమెంటు బెంచీ మీద కూర్చొని ఉంది. ఒళ్ళో సంచి." బస్సు వచ్చింది. మనుషులు దిగారు. ఆమె ఒక్కొక్కరిని చూసింది. చివరివాడు దిగాడు. డ్రైవరు దిగాడు. "ఆమె లేచి చీర దులుపుకుంది."

అక్కడ తొర్రూరు హెడ్‌మిస్ట్రెస్ మాట అందుకోవాలి. ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగింది. నేను తల ఎత్తాను.

ఒక్క చెయ్యి లేదు. నిండిన హాలులో అందరూ చేతులు కిందే ఉంచుకొని నా కోసం ఊరుకున్నారు. ఇదే కదా నేను కోరింది. కానీ ఆ నిశ్శబ్దం నాకు మా ఇంటి కుర్చీలా కనిపించింది. ఇన్నేళ్ళుగా ఈ సీను ఆగకుండా వినాలని ఉందని అనుకుంటూ వచ్చాను. కాదు. ఇక్కడే ఆగాలి ఇది. ఇక్కడే ఆపాలి ఎవరైనా.

ఎవరూ ఆపలేదు గనుక నా చెయ్యి లేచింది.

హెడ్‌మిస్ట్రెస్ కాగితం దించింది. "ఏంది అక్కా? రాసింది నువ్వే, ఆపేది నువ్వే అయితె ఎట్ల?"

"ప్రశ్న ఉన్నది."

"ఎవల్ని అడుగుతవ్?"

"రాసినామెను. ఆమెకు తెలుసు గద ఆయన రాడని. శవాన్ని జూసింది, కాష్టం జూసింది. తెలిసి తెలిసి ఎందుకు పోతది?"

వెనక తలుపు దగ్గర నుంచి భూపాలపల్లి పెద్దమనిషి లేచాడు. "నేను గూడ గదే అడుగుదామనుకున్న. లేపద్దన్నరని ఇందాకట్నుంచి చేతుల మీద కూసున్న, తిమ్మిరెక్కినయ్." నవ్వారు అందరూ. ఆయన నవ్వలేదు. "పిట్ట ముట్టాలని చూసుడు తప్పని ఊరూరు తిరిగి చెప్పినం గద మేడం. మరి ఈమె బస్సును చూసుడు ఒప్పెట్లయితది? తేడా ఏంది?"

మా ఆయన అడిగినదానికన్నా గట్టి ప్రశ్న. నియమం ప్రకారం రాసిన మనిషే జవాబు చెప్పాలి. లేచి నిలబడ్డాను.

"పిట్టను చూసెటోళ్ళు వస్తదని చూస్తరు. ఈమె రాడని తెలిసి పోతది. ఏ అబద్ధాన్ని నమ్ముతలేదు. ఎవల్ని నమ్మమంటలేదు. ఆయన బతికున్నన్ని దినాలు ఆ టైముకు ఆ బస్సుకు ఎదురుపోవుడు ఆమె పని. మనిషి పోయిండు. పని మిగిలింది. ఆయన తోని ఆమె చేసెటియి అన్ని ఆయన తోనే పోయినయ్. ఒంటిగ చేసేది గిదొక్కటే ఉన్నది. గది గూడ ఇడిసిపెట్టుమంటె ఎట్ల? నేను గూడ పేరా రాయంగనె తలెత్తుత. కుర్చీల ఎవల్లేరని నాకు తెల్వదా?"

అనుకోకుండా చివరి మాట పైకి వచ్చేసింది. కింద మైకులో ఎవరో ఒకటి రెండు మూడు అంటున్నారు. భూపాలపల్లి పెద్దమనిషి తన కుర్చీలో కూర్చున్నాడు.

"జవాబు సరిపోయింది" అన్నాడు. "సదువుండ్రి."

హెడ్‌మిస్ట్రెస్ ఆ అర పేజీ చదివింది. బస్సు దిగిన ఒక కొత్త మనిషి ఆమెను అడుగుతాడు, ఎవల కోసం కూసున్నవక్కా అని. "ఎవల్లేరు. గీ టైముకు వస్త" అంటుంది ఆమె. "రేపు గూడ వస్తవా?" "రేపు గూడ." సంచి చంకలో పెట్టుకొని, బస్సుల మధ్య నుంచి నడిచి వెళ్ళిపోతుంది. టైలర్ అన్న ఆ చివరి "కట్" చదవలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు ఆయన చెయ్యి ఎత్తకపోయి ఉంటే ఈ మాటలు విని ఉండేవాడు కదా అని మీరు అనవచ్చు. విని ఉండేవాడు, మళ్ళీ అదే అడిగేవాడు. అప్పటికి అవి నేను అల్లిన మాటలే. వాటి లోపల ఏముందో నాకు తెలియదు. తెలియాలంటే ఆయన పోవాలని అప్పుడు నాకు ఎవరు చెప్పగలరు?

మహబూబాబాద్ స్టేషన్లో రైలు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. పత్తి ఏరిన చేలు, తాటిచెట్లు, మసక వెలుతురు వెనక్కి పోతున్నాయి. కాజీపేట దాటేసరికి నాలుక చివర ఒకే మాట ఆడుతోంది. దొరికింది. పొద్దున చెప్పులు వేసుకుంటూ, సాయంత్రం గడపలో నిలబడి ఆయన అడిగినదానికి జవాబు దొరికింది. చెప్పాలి. మొత్తం చెబితే కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు చిన్నవి చేసి, ఎక్కడో ఒక సందు పట్టుకునేవాడు. "పని మిగిలింది అన్నవు గద, మరి పనికి, పూజకు తేడా ఏంది?" అనేవాడు. నాకు ఆ తర్వాతి ప్రశ్న కావాలి. చప్పట్లు వద్దు, సినిమా వద్దు. నా జవాబు తప్పని చెప్పే ఆ గొంతు కావాలి.

జనగామలో దిగి, తాళం తీసి, లైటు వేశాను. ఎవరూ అడగలేదు. "దొరికింది" అని నేనే అన్నాను. గదికి చెప్పినట్టు అయింది. గది వినదు.

అందుకే మిమ్మల్ని మళ్ళీ అడుగుతున్నాను. మీ మాటను మధ్యలో ఆపే ఆ మనిషి మీ ఇంట్లో ఉన్నారా? ఉంటే, బాగా రాశాక చూపిద్దామని, జవాబు దొరికాక మాట్లాడదామని, వాళ్ళు ఎదురు చెప్పకుండా వినే రోజు వస్తుందని ఆగకండి. పోయినవాళ్ళు వినరు. ఏ లోకం నుంచీ వినరు. మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని ఇక్కడ పక్కన పెట్టండి. మీరు దాచుకున్న కాగితం ఏదైతే ఉందో అది తీయండి. కాగితం లేకపోతే దాచుకున్న మాట తీయండి. ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదవండి. చెయ్యి లేస్తే ఆగండి. జవాబు లేకపోతే లేదని ఒప్పుకొని, రేపు అదే వాక్యం నుంచి మొదలుపెట్టండి. లేవండి.